ఖాళీ సమాధి ఎవరికి కావాలి?

అనకాపల్లి దాటి కాస్త ముందుకెళ్తే శంకరం అనే పల్లె వస్తుంది. సంఘారామం అన్న మాట జనం నోళ్ళలో అరిగి అరిగి శంకరం అయిందంటారు. ఆ పల్లె పక్కన రెండు కొండలు. క్రీస్తుశకం నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా అక్కడ బౌద్ధ భిక్షువులుండేవారు. రాతిని తొలిచి గుహలు చేశారు, రాతిని చెక్కి స్తూపాలు నిలిపారు. తర్వాత భిక్షువులు పోయారు, స్తూపాలు ఉండిపోయాయి. తరవాతి జనానికి అవి శివలింగాల్లా కనిపించాయి కాబట్టి ఒకటి లింగాలకొండ అయింది. బుద్ధుడి కొండ బొజ్జన్నకొండ అయింది. కనుమ పండగనాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొండెక్కి, బొజ్జలా ఉబ్బి ఉన్న ఒక రాయిని రాక్షసుడనుకుని రాళ్ళు విసిరే ఆచారం కూడా నడిచింది. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు మొదలుపెట్టాక అదేమిటో చదువుకున్నవాళ్ళకి తెలిసింది గానీ, రాళ్ళు విసరడం ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఆగలేదు.

స్తూపమంటే జ్ఞాపకం. బుద్ధుడి దేహాన్ని దహనం చేశాక ధాతువుల్ని ఎనిమిది భాగాలు చేసి పంచుకున్నారనీ, వాటి మీద స్తూపాలు కట్టారనీ బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. విశాఖ దగ్గర బావికొండ తవ్వకాల్లో ఎముక ముక్క ఉన్న పాత్ర కూడా దొరికింది. పోయిన మనిషి ఆనవాలు పోకుండా కాపాడుకోవడానికి మనుషులు చేసిన ప్రయత్నాల్లో ఇంతకన్నా గట్టిది, ఇంతకన్నా ఓపికైనది ఇంకోటి నాకు తెలీదు. అలాంటిది, శంకరంలో ఆ రాయికే తానెవరి జ్ఞాపకమో గుర్తు లేకుండా పోయింది. రాజులు దానాలిచ్చిన, శిల్పులు తరాలు తరాలుగా చెక్కిన జ్ఞాపకానికే ఈ గతి పడితే, బెల్లం బట్టీలో పనిచేసి పోయిన కూలిమనిషి సంగతేమిటి?

క్రైస్తవంలో పునరుత్థానం ఎందుకంత ముఖ్యం అని ఎవరైనా అడిగినప్పుడల్లా నాకు ఈ కొండే గుర్తొస్తుంది. ఎందుకంటే నా మతం మొత్తం ఏమీ లేని ఒక సమాధి మీద నిలబడి ఉంది. అందులో ధాతువు లేదు, ఎముక లేదు. యెరూషలేములో లక్షలమంది వెళ్ళి చూసొచ్చేది ఖాళీని.

నేను పుట్టి పెరిగింది అనకాపల్లిలో, బాప్టిస్టు కుటుంబంలో. ఇప్పుడుండేది హైదరాబాద్. ఇక్కడ నా స్నేహితుల్లో చాలామందికి యేసు అంటే ఇష్టమే. కొండమీది ప్రసంగం ఇష్టం. వ్యభిచారం చేసిందని రాళ్ళతో కొట్టబోతున్న ఆడమనిషి పక్కన నేల మీద వేలితో రాస్తూ కూర్చున్న యేసు మరీ ఇష్టం. ఒకసారి ఒక ఫ్రెండు చాలా ప్రేమగానే అన్నాడు: "ఆ చచ్చి లేవడం ఒక్కటీ పక్కన పెడితే మీ యేసు ఎంత గొప్పవాడో తెలుసా! అది మాత్రం అవసరమా?"

ఈ మాట కొత్తదేం కాదు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్ ముసలితనంలో, 1820 ప్రాంతంలో, బ్లేడు తీసుకుని సువార్తల్లోంచి తనకి నచ్చిన భాగాలు కోసి, వేరే పుస్తకంలో అంటించుకున్నాడు. బోధలన్నీ ఉంచాడు, అద్భుతాలు తీసేశాడు. ఆయన పుస్తకంలో కథ సమాధికి అడ్డంగా రాయి దొర్లించడంతో అయిపోతుంది. గాంధీ అంత దూరం పోలేదు గానీ, యేసు అనే మనిషి అసలు పుట్టనే లేదని రుజువైనా కొండమీది ప్రసంగం తనకి నిజంగానే ఉంటుందన్న అర్థంలో మాట్లాడాడు. ఇద్దరూ యేసుని గౌరవించినవాళ్ళే. ఇద్దరికీ ఆయన గురువుగా సరిపోయాడు.

జెఫర్సన్ విషయంలో ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. తన జీవితకాలంలో ఆయన ఆరువందలకి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. ఆయనకి పేరుంది, ఇల్లుంది, లైబ్రరీ ఉంది. సమాధి రాయి మీద ఏం రాయాలో కూడా ఆయనే ముందుగా రాసి పెట్టుకున్నాడు. ఆ బానిసల్లో చాలామందిని ఎక్కడ పూడ్చారో చెప్పే రాయే లేదు. బోధలు మాత్రమే ఉన్న యేసు జెఫర్సన్‌కి సరిపోయాడు. ఆ తోటలో పనిచేసి పోయిన మనిషికి కూడా సరిపోతాడా? నా స్నేహితుడి ప్రశ్నని నేను ఇలా తిప్పి చూసుకుంటాను.

పునరుత్థానం వద్దు, బోధలు చాలు అన్న రాజీకి మొట్టమొదట అడ్డుపడింది పౌలు. గ్రీకు రేవు పట్నం కొరింథులో ఉన్న చిన్న సంఘానికి ఆయన క్రీ.శ. 55 ప్రాంతంలో లేఖ రాశాడు. దానిలో పదిహేనో అధ్యాయం అంతా దీని గురించే. ఆత్మ దేహమనే చెరలోంచి బయటపడి పైకి పోతుందంటే చదువుకున్న గ్రీకులకి నచ్చుతుంది. పోయిన దేహం లేస్తుందంటే మోటుగా ఉంటుంది. అందుకని కొరింథులో కొందరు ఆ సంగతి వదిలేద్దామన్నారు.

పౌలు దానికి ఏమాత్రం తగ్గలేదు. ఆయన వాదన సారాంశం నా మాటల్లో ఇదీ: క్రీస్తు లేవకపోతే నేను ఊరూరా తిరిగి చెప్పింది అబద్ధం, మీరు నమ్మింది ఉత్తిది, మీలో పోయినవాళ్ళు ఇక పోయినట్టే, మన బతుకు నవ్వులపాలు. లేచిన క్రీస్తుని ఎవరెవరు చూశారో జాబితా కూడా ఇచ్చాడు. పేతురు, పన్నెండుమంది, ఒకేసారి ఐదువందల మంది పైచిలుకు, యాకోబు. వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా గుర్తుచేశాడు. అంటే కావాలంటే వెళ్ళి అడగండి అనే కదా.

ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నన్ను ఆపేసేది పోయినవాళ్ళ ప్రస్తావన. పౌలుకి అక్కడ సిద్ధాంతం ఒక్కటే సమస్య అయ్యుంటే ఆ మాట ఎత్తాల్సిన పని లేదు. ఆయన ముందున్నది చిన్న సంఘం. అందులో కూలీలున్నారు, బానిసలున్నారు, ఈ మధ్యే తమవాళ్ళని మట్టిలో పెట్టి వచ్చినవాళ్ళున్నారు. యేసు మంచి గురువు అని చెప్తే వాళ్ళకి ఎలా బతకాలో తెలుస్తుంది. పోయినవాళ్ళ గురించి మాత్రం ఏమీ తెలీదు. గురువు బతికున్నవాళ్ళకే పనికొస్తాడు.

మా అమ్మమ్మకి ఎనభై దాటాయి. చెరుకు నరికే పనికి వెళ్ళింది, బట్టీ దగ్గర పిప్పి ఎండేసింది, బెల్లం దిమ్మలు మోసింది. చదవడం రాదు. మా అమ్మకంటే ముందు ఆమెకి ఒక పాప పుట్టింది. తొమ్మిది రోజులు బతికింది. చర్చిలో ప్రతిష్ఠ చేసి పేరు పెట్టకముందే జ్వరంతో పోయింది. ఫోటో లేదు. పుట్టినట్టు కాగితం లేదు, పోయినట్టు కాగితం లేదు. సమాధుల తోటలో ఒక మూల మట్టి తవ్వి పెట్టారు. పైన కట్టడానికి సిమెంటు కొనే స్తోమత లేదు. ఉన్నది కొంచెం స్థలం, పోయేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. కాలం గడిచేకొద్దీ అక్కడే ఇంకొకరిని, ఆ పక్కన మరొకరిని పెట్టుకుంటూ వచ్చారు.

ఈస్టర్ తెల్లవారుజామున మావైపు జనం సమాధుల తోటకి వెళ్తారు. అంతకుముందు వారమే గడ్డి కోసి, సమాధులకి సున్నం వేస్తారు. ఆదివారం చీకటితోనే కొవ్వొత్తులు, పూలు పట్టుకుని వెళ్ళి, పాటలు పాడి, తెల్లారాక చర్చికి వస్తారు. నూకాలమ్మ కొత్త అమావాస్య జాతర కూడా ఇంచుమించు అదే రోజుల్లో వస్తుంది కాబట్టి ఊరంతా పండగలాగే ఉంటుంది. అమ్మమ్మ ప్రతి ఏడూ గుప్పెడు బంతిపూలు పట్టుకుని వేపచెట్టు దగ్గర నిలబడుతుంది. పాప ఎక్కడుందో ఇప్పుడు ఆమెకే సరిగ్గా తెలీదు. రెండు వేరేవాళ్ళ సమాధుల మధ్య ఉన్న ఖాళీ నేల మీద ఆ పూలు పోస్తుంది.

"మన జ్ఞాపకాల్లో బతికే ఉంటారు" అనే మాట నేను చాలా సంతాప సభల్లో విన్నాను. రచయితలు పోయినప్పుడు మేం అదే అంటాం. పుస్తకాలున్నాయి, ఫోటోలున్నాయి, ప్రత్యేక సంచికలున్నాయి కాబట్టి అనగలుగుతాం. ఆ పాప ఎవరి జ్ఞాపకంలో బతుకుతుంది? ఒక్క అమ్మమ్మ జ్ఞాపకంలో. అమ్మమ్మ పోయిన రోజున అది కూడా ఉండదు. నేను ఇక్కడ రాస్తున్నది కూడా ఆ పాప గురించి నాకు తెలిసింది కాదు. తెలుసుకోవడానికి తొమ్మిది రోజుల కంటే ఏమీ లేదు.

చిన్నప్పుడు సండే స్కూల్లో 'పునరుత్థానం' అనే మాట పలకలేక అవస్థపడేవాళ్ళం. ఒకసారి అమ్మమ్మని దాని అర్థం అడిగాను.

"లెగిసేడు," అంది.

"అంటే మళ్ళీ పుట్టేడా?"

"మళ్ళీ పుట్టడమేటే? అది వేరు, ఇది వేరు. దెయ్యమై తిరగడం కాదు, ఇంకోడి కడుపున పుట్టడం కాదు. తొంగున్నోడు లెగిసినట్టు లెగిసేడు."

తర్వాత నేను కాలేజీలో గ్రీకు మాటల గురించి చదువుకున్నప్పుడు ఆశ్చర్యపోయాను. సువార్తల్లో దీనికి వాడిన మాటలు రెండూ మామూలు మాటలే. నిద్ర లేవడానికీ, కూర్చున్నచోటు నుంచి లేవడానికీ జనం రోజూ వాడుకునేవి. క్రైస్తవులు సమాధుల స్థలానికి గ్రీకులో పెట్టుకున్న పేరుకి కూడా పడుకునే చోటు అనే అర్థం. దాని నుంచే ఇంగ్లిష్ సిమెట్రీ వచ్చింది. మనవాళ్ళు "ప్రభువునందు నిద్రించారు" అని కార్డుల మీద వేయించేదీ ఆ లెక్కనే. విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ వచ్చి తెలుగులో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. వాళ్ళిద్దరూ కొన్నేళ్ళకే ఇక్కడే పోయారు. వాళ్ళ పనిలోంచి వచ్చిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాతి రెండువందల ఏళ్ళలో తెలుగు చర్చి సంస్కృతం బరువున్న మాటలు చాలా పోగేసుకుంది. అమ్మమ్మ మాత్రం అసలు మాట దగ్గరే ఉంది.

మళ్ళీ పుట్టడం వేరు, లెగడం వేరు అన్న తేడా చిన్నది కాదు. మన కథల్లో చనిపోయి తిరిగొచ్చినవాళ్ళు లేకపోలేదు. సావిత్రి యముడితో మాటకి మాట చెప్పి సత్యవంతుణ్ణి తెచ్చుకుంది. బైబిల్లోనే యేసు లాజరుని సమాధిలోంచి పిలిచాడు. అయితే సత్యవంతుడు తన ఆయుష్షు తీరాక మళ్ళీ పోయాడు. లాజరు కూడా ఏదో ఒకరోజు మళ్ళీ పోయే ఉంటాడు, అతని అక్కచెల్లెళ్ళు మరోసారి ఏడ్చే ఉంటారు. అది వాయిదా. క్రీస్తు విషయంలో చర్చి చెప్పేది వెనక్కి రావడం గురించి కాదు. ఆయన చావు లోపలికి వెళ్ళి, అవతలి వైపు నుంచి బయటికొచ్చాడని, ఇక దానికి ఆయన మీద పట్టు లేదని. ఆయన మొదటివాడు మాత్రమే, వెనక మిగిలినవాళ్ళున్నారని.

మావైపు పాస్టర్లు ఈస్టరుకి చెరుకుతోట ఉదాహరణ చెప్తారు. చెరుకు నరికేశాక మోడు నుంచి మళ్ళీ పిలకలొస్తాయి, దాన్ని కార్శి తోట అంటాం. చూశారా, చచ్చింది లేచింది అంటారు. వినడానికి బావుంటుంది గానీ నాకది ఎప్పుడూ సరిపడలేదు. కార్శి వచ్చేది వేరు బతికున్నందుకు. నరికిన గడ మాత్రం గానుగలోకి వెళ్ళింది, రసం పెనంలోకి వెళ్ళింది, పిప్పి పొయ్యిలోకి వెళ్ళింది. ప్రకృతి ఎప్పుడూ తోటనే కాపాడుతుంది. ఒక గడ పోయినా దానికేం పట్టదు. తర్వాత మా అమ్మ పుట్టింది, మామయ్యలు పుట్టారు, మేమంతా పుట్టాం. తోట బాగానే ఉంది. అమ్మమ్మ ఇంకా వేపచెట్టు దగ్గర పూలు పోస్తూనే ఉంది. ఆమె అడుగుతున్నది ఆ ఒక్క గడ గురించి. పౌలు కూడా విత్తనం పోలిక వాడాడు, నిజమే. లేచిన దేహం ఎలా ఉంటుందని అడిగినవాళ్ళకి అది ఆయన జవాబు. నాటింది ఒకలా ఉంటుంది, మొలిచింది ఇంకోలా ఉంటుంది, అయినా నాటిందే మొలిచింది అని. ఆయనకి ముఖ్యమైంది ఆ చివరిమాట.

అందుకే సువార్తలు లేచిన యేసు దేహం గురించి అంత పట్టుదలగా చెప్తాయి. ఆయన చేప తిన్నాడు. ఒడ్డున బొగ్గుల నిప్పు మీద చేపలు కాల్చి, రాత్రంతా వలలేసి అలిసొచ్చిన శిష్యుల్ని టిఫినుకి పిలిచాడు. అన్నిటికంటే ముఖ్యం, చేతులకి మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. తోమా అవి చూస్తేగానీ నమ్మనన్నాడు. ఆ తోమా చివరికి మన మద్రాసు దాకా వచ్చాడని సంప్రదాయం. చావుని గెలిచిన దేహానికి ఆ మచ్చలు పోగొట్టుకోవడం ఒక లెక్కా? అయినా ఉంచుకున్నాడు. ఆయనకి జరిగింది జరగలేదన్నట్టు చెరిపేయలేదు.

ఆ మేకుల సంగతి చూస్తే, పునరుత్థానంలో చావు ప్రశ్నతోపాటు న్యాయం ప్రశ్న కూడా ఉందని తెలుస్తుంది. యేసు జబ్బు చేసి పోలేదు, ముసలివాడై పోలేదు. ఒక ప్రభుత్వం విచారణ జరిపి, తీర్పిచ్చి చంపింది. సిలువ అంటే రోమన్లు బానిసలకీ తిరుగుబాటుదార్లకీ వేసే శిక్ష. స్పార్టకస్ తిరుగుబాటు అణిచేశాక, క్రీ.పూ. 71లో, కాపువా నుంచి రోము దాకా రోడ్డు పొడుగునా ఆరువేల మందిని సిలువలకి కొట్టారు. స్పార్టకస్ పేరు మనకి తెలుసు. ఆ ఆరువేల మందిలో ఒక్కరి పేరు కూడా తెలీదు. పేర్లు మిగలకుండా చేయడమే ఆ శిక్ష ఉద్దేశం. యేసు కూడా ఆ వరసలోనివాడే. తొలి క్రైస్తవులు బజార్లో నిలబడి చెప్పిన వార్తలో రెండే క్రియలున్నాయి. వాళ్ళు చంపారు, దేవుడు లేపాడు. అంటే కింది కోర్టు తీర్పుని పై కోర్టు కొట్టేసిందన్నమాట.

మన ఆంధ్రలో ఈ పోలిక ఊరికే అలంకారం కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. వాళ్ళని పూడ్చినచోటుని రక్తక్షేత్రం అంటారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. మనిషి కట్టుకున్న న్యాయం అక్కడిదాకా వెళ్ళి ఆగుతుంది. న్యాయం జరిగినా సరే, ఆ ఎనిమిదిమంది ఇంటికి రారు. హంతకుడే ఎప్పటికీ చివరి మాట అన్నవాడిగా మిగిలిపోతాడా అన్న ప్రశ్నకి మంచి బోధల దగ్గర జవాబు లేదు. పునరుత్థానం దగ్గర ఉంది. అది నిజమో కాదో వేరే సంగతి. ముందు అది ఏ ప్రశ్నకి జవాబో తెలియాలి.

ఇక్కడ నా వామపక్ష స్నేహితులు చేతులు పైకెత్తుతారు. చచ్చాక దేవుడు చూసుకుంటాడని చెప్పి బతికుండగా కూలి పెంచమని అడక్కుండా చేస్తారు కదా అని. చేసినవాళ్ళున్నారు. పునరుత్థానం పేరుతో స్వస్థత సభలు పెట్టి, చిన్నబిడ్డ పోయిన తల్లికి "నీకు విశ్వాసం చాల్లేదమ్మా" అని చెప్పిన బోధకుణ్ణి నేను స్వయంగా చూశాను. కానీ ఈ నమ్మకాన్ని దాని సొంత తర్కంతో చదివితే అది అటువైపు పోదు. ఆత్మ ఒక్కటే మిగిలేదైతే దేహం ఎలా పోయినా పర్వాలేదు. దేహాన్నే లేపుతాడంటే ఆ దేహానికి అన్నం కావాలి, కూలి కావాలి, తాకితే మైలపడనిదన్న గౌరవం కావాలి. పూడ్చడానికి ఆరడుగుల నేల కూడా కావాలి. ఆ నేల కోసం మన ఊళ్ళలో దళితులు కలెక్టరాఫీసుల ముందు శవాలతో కూర్చోవాల్సి వస్తోంది. పౌలు కూడా అంత పెద్ద అధ్యాయం రాసి, ఆకాశంలోకి చూస్తూ కూర్చోమని ముగించలేదు. మీ కష్టం వృథా కాదు, పని చేస్తూనే ఉండండి అన్న అర్థంలో ముగించాడు.

సరే, నువ్వు నమ్ముతావా అని అడిగితే? నమ్ముతాను. రుజువు చేయగలవా అంటే, లేదు. చరిత్రకారుడు కొంతదూరమే రాగలడు. యేసుని సిలువ వేసినప్పుడు పారిపోయిన మనుషులు కొంతకాలానికే తిరిగొచ్చి, ఆయన్ని చూశామని బహిరంగంగా చెప్పడం మొదలుపెట్టారని, దానికోసం దెబ్బలు తిన్నారని చెప్పగలడు. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధి మొదట చూసింది ఆడవాళ్ళే అని చెప్పగలడు. ఆడవాళ్ళ సాక్ష్యం చెల్లదని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిన కాలం అది. కథ అల్లేవాళ్ళయితే అలాంటి సాక్షుల్ని ఎంచుకోరు. అంతకుమించి చరిత్ర రాదు.

సువార్తలు కూడా సందేహాన్ని దాచలేదు. మార్కు సువార్త అతి పాత పూర్తి ప్రతుల్లో ఒక విచిత్రమైన చోట ఆగిపోతుంది. ఆ ఆడవాళ్ళు సమాధి దగ్గర నుంచి వణుకుతూ పరిగెత్తారు, భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు, అంతే. ఆ తర్వాతున్న పన్నెండు వచనాలు ఎవరో తర్వాత చేర్చినవి. కథలు చదివే అలవాటున్నవాళ్ళకి ఆ ముగింపు ఎంత నిజంగా ఉంటుందో చెప్పక్కర్లేదు. మత్తయి అయితే, కొండ మీద లేచిన యేసు ఎదురుగా నిలబడి కూడా కొందరు సందేహించారని రాశాడు. నాకు ఆ కొందరితో బంధుత్వం ఉంది. నా నమ్మకం వాళ్ళ పక్కన నిలబడే ఉంటుంది.

పోయిన ఏడాది మా చర్చి కుర్రాళ్ళు ఒక పని మొదలుపెట్టారు. సమాధుల తోటలో రాయి లేకుండా ఉన్నవాళ్ళ పేర్లన్నీ ఇంటింటికీ తిరిగి ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాస్తున్నారు. జ్ఞాపకం చాలదని ఇంతసేపూ రాశాను గానీ, ఆ పని చూస్తే నాకు సంతోషమేసింది. లేస్తారని నమ్మేవాళ్ళు పేర్లు రాసి పెట్టుకోవడంలో అర్థముంది. అయితే అది కూడా అనుకున్నంత సులువు కాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. కాబట్టి చాలా ఇళ్ళల్లో మనిషికి రెండు పేర్లు. చర్చి పుస్తకంలో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. ఏది రాయాలి? కొన్ని ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి తమ అత్తగారి పేరు కూడా గుర్తులేదు. "అత్తా అనే పిలిచేదాన్ని, పేరెందుకడుగుతాను?" అంటున్నారు.

కుర్రాళ్ళు మా ఇంటికొచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. తాతయ్య పేరు రాశారు, తాతయ్య వాళ్ళ అమ్మ పేరు రాశారు. అమ్మమ్మ పాప సంగతి కూడా చెప్పింది. రాసేవాడు పెన్ను పట్టుకుని ఆగాడు. పేరు గడిలో ఏం రాయాలో తెలీక నావైపు చూశాడు. ఇప్పుడైనా ఒక పేరు పెడదామా అని నేనే అడిగాను.

అమ్మమ్మ వద్దంది. "ఇప్పుడు మనం పెడితే అది మన పేరవుద్ది గానీ దాని పేరు కాదు. ఖాళీగా ఉంచు బాబూ. దాన్ని ఏటని పిలవాలో ఆయనకి తెల్దేటి?"

కుర్రాడు ఆ గడి వదిలేసి, పక్క గడిలో తొమ్మిది రోజులు అని రాసుకున్నాడు.